సమాన ఉష్ణోగ్రత

ఒక పెద్ద అడవిలో వాగేమో లోయలో పారేది, జంతువుల కాపురాలేమో గట్టు మీద ఉండేవి. వాగు నీళ్ళు గట్టు మీది చెరువులోకి తోడడానికి అటవీ మండలి ఒక ఆవిరి యంత్రం పెట్టించింది. దానికి సూపరింటెండెంటు భల్లూకరావు అనే ఎలుగుబంటి.

భల్లూకరావు పద్దెనిమిదేళ్ళుగా ఆ బాయిలర్ దగ్గరే ఉన్నాడు. మూలుగు విని లోపల ఆవిరి ఎంతుందో చెప్పగలడు. ఒక్క సంగతి మాత్రం ఎవరితోనూ అనేవాడు కాదు. వంద కట్టెలు వేస్తే అందులో ఎనిమిది కట్టెల శక్తే నీళ్ళు తోడేది. మిగతా తొంభై రెండూ ఆకాశాన్ని వెచ్చబెట్టేవి.

ఈలోగా కట్టెల కోసం చెట్లు కొట్టీ కొట్టీ ఉత్తరపు గట్టు బోడిగుండయింది. నీడ లేక దుప్పులు వలస పోయాయి. మండలి ఈ మార్పును “వీక్షణ సౌలభ్యం” కింద నమోదు చేసింది.

ఆ వేసవిలో నకులమ్మ అనే ముంగిస మండలి ముందుకు ఒక పెట్టె పట్టుకొచ్చింది.

“దీన్ని ఫ్యూయల్ సెల్ అంటారు. ఇందులో నిప్పుండదు. ఒక పక్క నుంచి హైడ్రోజన్, ఇంకో పక్క నుంచి గాలి, మధ్యన పల్చటి పొర. ఆ రెండూ కలిసేటప్పుడు తిన్నగా కరెంటు పుడుతుంది. దాంతో మోటారు తిరుగుతుంది. చివరికి మిగిలేది కాసిన్ని నీళ్ళు.”

“పొగ?” అన్నాడు అధ్యక్షుడు మాతంగయ్య. ఆయన ఏనుగు.

“రాదండి.”

“మరి పని జరుగుతున్నట్టు ఎలా తెలుస్తుంది?”

మండలి మొత్తం తలూపింది. ప్రశ్న బాగుందని కార్యదర్శి జంబుకయ్య రాసుకున్నాడు. ఈయన నక్క. బాయిలర్‌కి కట్టెలు తోలే కాంట్రాక్టు ఆయన బావమరిది తోడేలుది.

“దక్షత ఎంత?” అని అడిగాడు భల్లూకరావు.

“వందలో యాభై దాటుతుంది బాబాయ్.”

భల్లూకరావుకి కోపం రాలేదు, సిగ్గేసింది.

“అంత తేడా ఎందుకమ్మా?” అన్నాడు మెల్లగా.

“మీ యంత్రం ముందు ఇంధనాన్ని వేడిగా మారుస్తుంది. ఆ వేడి చల్లటి చోటుకి జారేటప్పుడే దానికి పని దొరుకుతుంది. ఆ దారిలో కొంత వేడి వదిలెయ్యక తప్పదు, ఎంత గొప్ప మేస్త్రీ ఉన్నా సరే. నా పెట్టెకి ఆ మెట్టే లేదు. తప్పు మీది కాదు.”

అంతవరకూ నిద్రపోతున్నట్టున్న జంబుకయ్య కళ్ళు తెరిచాడు. “అమ్మాయ్, నీ పెట్టె బాగా వేడెక్కితే ఏమవుతుంది?”

నకులమ్మకి అబద్ధం చెప్పడం రాదు. “దాని దక్షతకున్న పరిమితి తగ్గుతుందండి. బాబాయి గారి యంత్రానికేమో వేడెక్కేకొద్దీ పెరుగుతుంది. ఎర్రగా కాలే వేడిలో, లెక్క ప్రకారం, రెండూ ఇంచుమించు సమానం. పైగా నా పెట్టెలో పొర మాడిపోతుంది.”

“అయితే పోటీ పెడదాం,” అన్నాడు జంబుకయ్య చాలా ప్రసన్నంగా. “ఇద్దరికీ ఒకే నిబంధన. పరీక్షా సమయంలో రెండు యంత్రాలూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండవలెను. ఇంతకన్నా న్యాయం ఉంటుందా?”

“సమానం!” అన్నాడు మాతంగయ్య. ఆ మాట ఆయనకి నచ్చింది. వెంటనే సంతకం పెట్టేశాడు.

బయటికొచ్చాక భల్లూకరావు నక్కని పక్కకి పిలిచాడు. “కార్యదర్శిగారూ, దాన్ని మంటల్లో పెడితే కాలిపోతుంది. ఇది పోటీ ఎలా అవుతుంది?”

“మీ ఉద్యోగం నిలబెడుతున్నాను, భల్లూకరావుగారూ. మీరు కట్టెలు పేర్చుకోండి.”

ఆ రాత్రి భల్లూకరావుకి తేనె కూడా సయించలేదు.

పరీక్ష రోజు అడవంతా వాగు ఒడ్డుకి చేరింది. రెండు యంత్రాలకీ సమానమైన శక్తికి సరిపడా ఇంధనం తూచి పెట్టారు. అధ్యక్షుడు దగ్గరుండి చూడాలని జంబుకయ్య రాసిన నిబంధన ప్రకారం మాతంగయ్య రెండిటి మధ్యా కూర్చున్నాడు.

“ఒకే ఉష్ణోగ్రత అన్నారు. ఏ ఉష్ణోగ్రతో కాగితంలో లేదండి,” అంది నకులమ్మ.

జంబుకయ్య కాగితం తీసి చూసుకున్నాడు. నిజంగానే లేదు. “అది వేరే చెప్పాలా? బాయిలర్ ఉష్ణోగ్రతే,” అంటూ కొలిమి వైపు చెయ్యి చూపించాడు.

భల్లూకరావు అప్పుడే ఆవిరి సిద్ధం చేసి ఉంచాడు. మాతంగయ్య తొండం చాచి బాయిలర్‌ని ముట్టుకున్నాడు. మరుక్షణం తొండం వాగులో ఉంది.

“దీని పక్కన నేను కూర్చోవాలా? అదీ ఈ ఎండలో?” అని ఘీంకరించాడు. “పరీక్ష అయ్యేదాకా కదలకూడదని నువ్వే రాశావు కదా! ఒకే ఉష్ణోగ్రత అంటే నా ఒంటికి పట్టే ఉష్ణోగ్రత. చల్లార్చండి!”

“చిత్తం,” అన్నాడు జంబుకయ్య. అధ్యక్షుడి ఒంటి గురించి కార్యదర్శి వాదించే సంప్రదాయం ఆ మండలిలో లేదు.

భల్లూకరావు ముందుకొచ్చాడు. “అయ్యా, చల్లటి బాయిలర్‌తో నీళ్ళెలా తోడను? వేడికీ చల్లదనానికీ తేడా ఉంటేనే నాది నడుస్తుంది.”

“తేడాలు చూపించం,” అన్నాడు మాతంగయ్య. “నిబంధన అందరికీ ఒకటే.”

కోతులు బాయిలర్ మీద నీళ్ళు పోశాయి. అది చల్లారేదాకా అందరూ ఆగారు. తర్వాత గంట కొట్టారు.

నకులమ్మ పెట్టె చప్పుడు లేకుండా పనిచేసింది. సాయంత్రానికి గట్టు మీద చెరువు సగం నిండింది. భల్లూకరావు పొద్దుటి నుంచీ లివర్ పట్టుకుని నిలబడ్డాడు. లాగినప్పుడల్లా యంత్రం ఒకసారి కిర్రుమనేది. అంతే.

“ఫ్యూయల్ సెల్ వందకి యాభై రెండు, ఆవిరి యంత్రం సున్నా,” అని చదివింది లెక్కలు చూసే కొంగ.

మండలి ఆ సాయంత్రమే బాయిలర్‌ని మూసేసింది. కట్టెల కాంట్రాక్టూ రద్దయింది. తోడేలు ఇంటికొచ్చి జంబుకయ్యని ఏమందో బయటికి రాలేదు గాని, రెండ్రోజులు ఆయన తలకి గుడ్డ కట్టుకుని తిరిగాడు.

మర్నాడు నకులమ్మ భల్లూకరావు గుహకి వెళ్ళింది.

“బాబాయ్, నేనిలా గెలవాలనుకోలేదు. లేవండి, నిప్పు వెయ్యండి. మనిద్దరమే తూద్దాం.”

వేశారు. తూచారు. ఎనిమిదే వచ్చింది. భల్లూకరావు ఆ అంకెని రెండుసార్లు చూసి, చేతులు కడుక్కుని, “సున్నా మాత్రం కాదు,” అన్నాడు. తర్వాత ఆయనే పంపు గొట్టాల మరమ్మతుకి చేరాడు. ఆ పనిలో ఆయనంత వాడు లేడని ముంగిస ఇప్పటికీ అంటుంది.

మాతంగయ్యకి మాత్రం సమానం అనే మాట ఒంటబట్టింది. ఇకమీదట చెరువు దగ్గర అందరికీ ఒకే వరస అని ఆజ్ఞ వేశాడు. ఇదివరకు తొలి బిందెలు తిన్నగా జంబుకయ్య ఇంటికే వెళ్ళేవి; ఇప్పుడు ఆయన రెండు కుందేళ్ళ వెనకా, ఒక తాబేలు వెనకా నిలబడుతున్నాడు. తాబేలు తొందరపడే రకం కాదు.

ఇందులో గుర్తుంచుకోవలసింది ఒక్కటే: తేడా మీద బతికేవాడు సమానత్వం కోసం వాదించకూడదు.