రవణా, పాలు సూడు

శ్రావణం మొదలయ్యేలోగా కళాఖండమన్న ధ్రువపత్రం తెచ్చుకోని పాటలన్నిటినీ జనం గొంతుల్లోంచి వెనక్కి తీసుకుంటామని పాటల క్రమబద్ధీకరణ శాఖ ప్రకటించినప్పుడు పార్వతీపురంలో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. రేషన్ బియ్యానికి వేలిముద్రలు, ఇళ్ళకు కొలతలు, పశువుల చెవులకు నంబర్లు అయ్యాక ఇక పాటల వంతేనని అందరికీ తెలుసు. ఇంటికి ఒక పాట చొప్పున దరఖాస్తు చేసుకోవచ్చు. ఫారాలు పాల కేంద్రంలో కూడా దొరుకుతున్నాయి.

వెనక్కి తీసుకోవడం నొప్పిలేని పని. శాఖ కార్యాలయాన్ని పాత ధాన్యం గోదాములో పెట్టారు. అక్కడ మూడో కిటికీ పక్కన గోడలో ఒక స్టీలు గరాటు బిగించి ఉంది. పాటను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి దాంట్లోకి పాడాలి. ఆఖరి మాట లోపలికి వెళ్ళగానే ఆ పాట పాడినవారికీ, వారి ఇంట్లో పుట్టి పెరిగినవారికీ ఉండదు. రసీదు ఇస్తారు. రసీదు మీద పాట పేరు రాయరు. రాస్తే గుర్తుకొచ్చే ప్రమాదం ఉంది.

బట్టల కొట్టు గవిరినాయుడు మొదటి వారంలోనే వెళ్ళి, లారీ ప్రమాదంలో పోయిన తమ్ముడు పాడే పాటను ఇచ్చేసి వచ్చాడు. వస్తూ వస్తూ పిండిమర దగ్గర ఆగాడు.

"ఇచ్చీసినాను బావూ. తల తేలికైపోనాది" అన్నాడు.

"ఏ పాట ఇచ్చేరు?" అని అడిగాడు మర నడిపే అప్పలనరసయ్య.

"అదే తెల్దు. రసీదుంది."

ఆ రోజు నుంచి గవిరినాయుడు బేరాలు లేనప్పుడు గజం కర్రతో బల్ల మీద ఏదో తాళం వేస్తున్నాడు. నాలుగు దెబ్బలు వేస్తాడు. అయిదోది ఎక్కడ పడాలో తోచక కర్ర పక్కన పెట్టేస్తాడు.

పొట్నూరు అప్పలనరసయ్య పాత బస్టాండు వెనక ఇరవై ఆరేళ్ళుగా పిండిమర నడుపుతున్నాడు. ఎనిమిదో తరగతి దాకా చదివాడు. స్నానం చేసి దీపం పెట్టుకున్నాకే మర బెల్టు ముట్టుకుంటాడు. ఆయనకు దేవుడంటే భక్తి, ప్రభుత్వమంటే భయం ఉన్నాయి. ఇద్దరూ ఒకే వస్తువు అడిగితే ముందు ఎవరికివ్వాలన్నదే ఆయన సందేహం.

ఆయన ఇంట్లో ఉన్నది శుక్రవారం పొద్దున్న అమ్మవారికి పాడే హారతి పాట. నాలుగు పాదాలు.

కొత్త పీట వేసేము కూకోవె తల్లీ
పసుపు గడప దాటి రావె మాయమ్మా
రవణా, పాలు సూడు
పొద్దు పొడిసే యేళ హారతందుకోవె

మొదట్లో ఈ మూడో పాదం పాటలో లేదు. అప్పలనరసయ్య తల్లి సూరమ్మ పళ్ళెం తిప్పుతూ పాడేటప్పుడు సరిగ్గా అక్కడికి వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగుకు వచ్చేవి. ఆమె పాట ఆపకుండానే కోడలు రవణమ్మను కేకేసేది. ముప్పై ఏళ్ళు అలాగే జరిగింది. వాళ్ళ కూతురు ఆ కేకను కూడా పాటగానే నేర్చుకుంది. పెళ్ళయి సాలూరు వెళ్ళాక, రవణ అనే మనిషి లేని ఆ ఇంట్లో కూడా శుక్రవారం శుక్రవారం రవణను పాలు చూడమంటోంది. సూరమ్మ పోయి పదకొండేళ్ళయింది. ఆమె గొంతు ఏ ఫోనులోనూ, ఏ క్యాసెట్టులోనూ లేదు. కాని ఆ మూడో పాదం దగ్గర ఇంట్లో ఎవరు పాడినా కొద్దిగా ముక్కుతో, కొద్దిగా కసురుగా సూరమ్మే పలుకుతుంది. అందుకే అప్పలనరసయ్యకు ఈ పాట పోకూడదు.

ఆయన ఫారం నింపడానికి మూడు రోజులు పట్టింది. రాగం అన్నచోట "శుక్రవారం" అని రాశాడు. తాళం అన్నచోట "గంట" అని రాశాడు. రచయిత అన్నచోట "ముందు ఎవరో, తర్వాత మా అమ్మ" అని రాశాడు. ఈ పాట ఏ విధంగా కళాఖండమో వివరించమన్న చోట మాత్రం కాగితం చాలక వెనక వైపు కూడా వాడాడు.

"అయ్యా, ఈ పాట పాడుతున్నంతసేపు ఒకరి మీద ఒకరు అలిగిన మనుషులు కూడా మా ఇంట్లో ఒకే గదిలో నిలబడతారు. పాట అయిపోయేసరికి కర్పూరం సరిగ్గా కొండెక్కుతుంది. కర్పూరాన్ని చూసి పాట కట్టారో, పాటను చూసి కర్పూరం బిళ్ళ చేశారో నాకు తెలియదు. ఇంకా గొప్ప పాటలు చాలా ఉన్నాయని విన్నాను. కాని దేవుణ్ణి పిలుస్తూ పొయ్యిని మరిచిపోని పాట ఇంకొకటి నేను వినలేదు. పాలు పొంగిపోతే తల్లికి నైవేద్యం ఏది? కనుక ఈ పాట తల్లి మేలు కూడా చూసుకుంటుందని నా మనవి."

ఆషాఢంలో ఆఖరి మంగళవారం ఆయనకు పిలుపు వచ్చింది. భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. లోపలికి ఒక్కరినే రానిస్తారు కనుక రవణమ్మ బయట బెంచీ మీద కూర్చుంది.

ధ్రువపత్రాలిచ్చే కమిటీలో ముగ్గురు సభ్యులు. ఒకరు విద్వాంసులు విశ్వపతిశాస్త్రిగారు. ఒకరు సభ్య కార్యదర్శి చింతాడ లోకనాథం. మూడో పోస్టు ఖాళీ. ఆ కుర్చీ తటస్థంగా ఓటు వేస్తుంది.

అప్పలనరసయ్య చేతులు కట్టుకుని పాడాడు. మూడో పాదం దగ్గర సూరమ్మ పలికింది. శాస్త్రిగారు కళ్ళజోడు తీసి కళ్ళు మూసుకున్నారు.

"ఇంకోసారి ఆ పాదం" అన్నారు.

పాడాడు.

"లోకనాథంగారూ, విన్నారా? పాలు అంటే సంసారం. ఏ క్షణాన్నయినా పొంగిపోతుంది. సూడు అంటున్నాడు. ఆర్పెయ్యమనడం లేదు, దించెయ్యమనడం లేదు. సాక్షిగా ఉండమంటున్నాడు. రవణ ఎవరు? జీవుడు. మూడు మాటల్లో వేదాంతమంతా పెట్టాడు ఆ కవి. ఇది కళాఖండం కాకపోతే నా కుర్చీ కూడా ఖాళీ చేసుకోండి."

లోకనాథం సిరాలో అద్ది ముద్ర పైకెత్తాడు. అప్పలనరసయ్య ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవాలనే అనుకున్నాడు. కాని పొద్దున్న దీపం పెట్టి వచ్చాడు.

"కాదండీ. రవణ మా ఆవిడండీ. బయట బెంచీ మీద కూకుంది."

"మరి పాలు?" అన్నారు శాస్త్రిగారు.

"పాలేనండీ. అర లీటరు."

శాస్త్రిగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఈ సంగతి మీరు చెప్పకుండా ఉండాల్సింది" అని, తనకు జరిగిన నష్టాన్ని లెక్క చేయనివారిలా కిటికీ వైపు తిరిగారు. ఖాళీ కుర్చీ తటస్థంగా ఉంది.

లోకనాథం ముద్ర కింద పెట్టలేదు. ఆయన మెత్తని మనిషి. "చూడండి, ఇబ్బంది లేదు. ఆ వాక్యం ఒక్కటీ తీసేద్దాం. మిగతా మూడు పాదాలకూ ముద్ర వేసేస్తాను. ఇంటికి వెళ్ళి హాయిగా పాడుకోండి" అన్నాడు.

"తీసీసిన వాక్యం ఏటవుతాదండీ?"

"మూడో కిటికీకి పోతుంది."

ఇంట్లో ఒక మాట అడిగి వస్తానని అప్పలనరసయ్య బయటికి వచ్చాడు. రవణమ్మ అంతా విని కాసేపు పమిట కొంగు మెలిపెట్టింది.

"మీ యమ్మ నన్ను ముప్పై యేళ్ళు అలగే కేకేసింది" అంది. "బతికున్నన్నాళ్ళూ ఆ కేక ఎప్పుడాగుతాదా అనుకునేదాన్ని. ఇప్పుడది కూడా పోతే ఆ ఇంట్లో నన్ను పేరెట్టి పిలిసేదెవులు? మీరా? ఏమే, ఇదిగో అంటారు."

"మరేటి సెయ్యమంటావు?"

"ఆ మూడూ ఆళ్ళకిచ్చీండి. ఆ ఒక్కటీ మనకుంచీమనండి."

ఇది న్యాయంగానే తోచి, ఇద్దరూ మూడో కిటికీ దగ్గరికి వెళ్ళారు. కిటికీ వెనక దమయంతి అనే గుమాస్తా ఉంది. పొద్దుటి నుంచి నలభై పాటలు తీసుకుని అలసిపోయి ఉంది. అప్పలనరసయ్య గరాటు ముందు నిలబడ్డాడు. మొదటి పాదం నోటి దాకా వచ్చింది.

"ఉండండుండండి" అంది దమయంతి, ఫారం చదువుతూ. "మధ్యలో ఇదేంటి? పాలు చూడమని?"

"అదేనమ్మా, అది మాకుంచీమని..."

"నేనడిగేది అది కాదు. ఇది ఇంటి పని చెప్పడమేనా, కాదా?"

"ఇంటి పనే."

ఆమె లావుపాటి నిబంధనల పుస్తకం తెరిచి వేలితో వెతికింది. "పాట అనగా మధ్యలో ఎవరికీ ఏ పనీ పురమాయించనిది. పురమాయిస్తే అది మొత్తం చప్పుడు కిందికి వస్తుంది. పాటే మా శాఖ. చప్పుడు మేం తీసుకోం. తీసుకుంటే నాకు మెమో ఇస్తారు."

"అంటే మా నాలుగు పాదాలూ..."

"ఆ వాక్యం ఉన్నంతకాలం నాలుగూ చప్పుడే. మీకు చప్పుడు చేసుకోడానికి పర్మిషన్ ఏదైనా ఉందా?"

"పిండిమరకుందమ్మా. ఏటేటా కడతన్నాం."

"ఇంకేం మరి. మర ఆవరణలో, మర నడిచే వేళల్లో, మర తిరుగుతుండగా చేసుకోండి. ఇక్కడ సంతకం పెట్టండి. నా ఇంట్లో ఏ పాటా లేదు, ఉన్నది చప్పుడు మాత్రమే అని."

అప్పలనరసయ్య చదివి మరీ సంతకం పెట్టాడు. బయటికి వచ్చాక గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో తాగినట్టు ఇద్దరూ చెరో గోళీసోడా తాగారు.

"కళాఖండం కాదన్నారు కదేటి" అంది రవణమ్మ.

"కాదన్నారు. అందుకే మిగిలింది."

ఆ శుక్రవారం అమ్మవారి పటాన్ని పిండిమరలోకి తెచ్చి, స్విచ్ బోర్డు పక్కన మేకుకు తగిలించారు. తొమ్మిదింటికి మర వేసి, పైన తొట్టిలో రాగులు పోసి, హారతి వెలిగించారు. ఆ మోతలో ఎవరి పాట వారికే వినిపించలేదు. పిండి లేచి అమ్మవారి ముఖం మీద పౌడరులా పడింది. తల్లి ఏమీ అనుకోలేదు.

సంగతి రెండు రోజుల్లో పాకింది. జనం డబ్బాలు పట్టుకుని మర దగ్గర వరస కట్టారు. ఒకావిడ జోలపాటలో "గ్యాసు కట్టీ" అని చేర్చుకుంది. ఒక రిటైర్డు డ్రిల్లు మాస్టారు తన తండ్రి పాడే భజనలో "గేటు గొళ్ళెం ఎట్టు" అని చేర్చాడు. అందరూ సంతకాలు పెట్టి, డబ్బాడు గింజలు పోసి, మర మోగినంతసేపు తమ చప్పుడు చేసుకుని, తేలికపడి వెళ్ళారు. గవిరినాయుడు కూడా వచ్చాడు. పాట మధ్యలో చేర్చడానికి ఆయన దగ్గర ఒక పని ఉంది. పనిని చేర్చడానికి పాట లేదు. రసీదు చేత్తో పట్టుకుని, అదురుతున్న గోడకు వీపు ఆనించి కాసేపు నిలబడి వెళ్ళాడు. అప్పటి నుంచి రోజూ వచ్చి అలాగే నిలబడుతున్నాడు.

శ్రావణం రెండో వారంలో లోకనాథం స్వయంగా డబ్బా పట్టుకుని వచ్చాడు. తనిఖీ అనుకుని వరసలో ఉన్నవాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

"గోధుమలాండీ, బియ్యమాండీ?" అని అడిగాడు అప్పలనరసయ్య.

లోకనాథం డబ్బా మూత తీసి చూపించాడు. లోపల ఏమీ లేదు.

"ఒక పావుగంట ఊరికే తిప్పుతారా?" అన్నాడు.

అప్పలనరసయ్య స్విచ్ వేసి ఇవతలికి వచ్చేశాడు. లోపల ఆయన ఏం చప్పుడు చేశాడో మోతలో ఎవరికీ వినిపించలేదు. తిరిగి వచ్చినప్పుడు ఆయన చొక్కా భుజాల మీద పిండి ఉంది. ముఖం తేటగా ఉంది.

ఆ నెలాఖరుకు పార్వతీపురంలో పాటలు పూర్తిగా లేవని శాఖ నివేదిక పంపింది. ఊరంతా నిజంగానే ఊపిరి పీల్చుకుంది. ఒక్క అప్పలనరసయ్య మాత్రం పటం ముందు నిలబడి, అమ్మా, నీ చెవికి ఇది పాటేనా, చప్పుడేనా అని మనసులో అడుగుతుంటాడు. జవాబు కోసం ఎక్కువసేపు ఆగడు. పాటేనని తల్లి అంటే తను పెట్టిన సంతకం అబద్ధమవుతుంది.

శుక్రవారం మర తిరుగుతుంటుంది. రవణమ్మ పళ్ళెం తిప్పుతూ మూడో పాదం దగ్గరికి వస్తుంది. తనను తానే కేకేసుకుంటుంది. మరలో పొయ్యి లేదు, పాలు లేవు. అయినా ఆమె తల తిప్పి ఒకసారి చూస్తుంది.