మంత్రిగారి చెవే కొలత

కార్మికుడి చెవికి ఇంతకాలం దిక్కూ దివాణం లేదనీ, ఇకనుంచి ఆ దిక్కు తానేననీ కార్మిక శాఖ మంత్రిగారు ప్రకటించారు. ప్రకటన చేసిన మైకు ఎంత గట్టిదంటే, వేదిక మీద పక్కనే కూర్చున్న ఫ్యాక్టరీ మేనేజరుగారు మర్నాటి దాకా తల విదిలించుకుంటూనే ఉన్నారు. పథకం పేరు శ్రవణ సౌభాగ్యం. మోతల మధ్య పనిచేసే ప్రతి మనిషికీ చెవి పరీక్ష చేస్తారు. వినికిడిలో తేడా మొదలైందని తేలితే అదే జీతం మీద వేరే పనికి బదిలీ చేస్తారు. "ముదిరాక ఏడ్చి లాభం లేదు, మొదట్లోనే పట్టుకోవాలి" అని మంత్రిగారు బల్ల గుద్ది మరీ చెప్పారు.

మూడో వరసలో కూర్చున్న ప్రెస్ ఆపరేటరుకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. డబ్బాల మూతలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆయన పందొమ్మిదేళ్ళుగా ఒకే ప్రెస్సు ముందు నిలబడి, రేకు పెట్టడం, దిమ్మ దించడం, మూత తీయడం చేస్తున్నాడు. ఎవరేం చెప్పినా ముందు "ఆఁ?" అంటాడు కాబట్టి తోటివాళ్ళు ఆయనకు ఆఁగారు అని పేరు పెట్టారు. ఆర్నెల్లుగా ఎడమ చెవిలో కీచుమని ఒకటే రొద. "పోయింది ఎలాగూ తిరిగి రాదు. ఇప్పుడు ప్రెస్సు వదిలేస్తే ఉన్నదైనా దక్కుతుంది" అని డాక్టరు చెప్పాడు. వదిలేస్తే ఇల్లు గడవదు. అందుకే ఆఁగారు ఆశలన్నీ ఆ బదిలీ మీదే పెట్టుకున్నాడు. బదిలీ అంటే గోడకు అవతలున్న ప్యాకింగ్ సెక్షను. ఆయన కూతురు పనిచేసేది అక్కడే. అక్కడ అట్టపెట్టెకు టేపు అంటించే చప్పుడే పెద్ద చప్పుడు.

పరీక్షకు ముందు రెండు రోజులు చెవులకు విశ్రాంతి ఇమ్మని, పరీక్ష చేసే అమ్మాయి అందరికీ చెప్పింది. ఆఁగారు తు.చ. తప్పకుండా సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు.

"అయితే ఈ రెండు రోజులూ నేనూ నోరు మూసుకుంటా లెండి. తెరిచినా మీకు ఒరిగేదేముంది గనక" అంది భార్య.

"ఆఁ?"

"విశ్రాంతి తీసుకోమంటోంది నాన్నా" అని కూతురు దగ్గరకొచ్చి చెప్పింది. ఆ ఇంట్లో తల్లి మాట తండ్రికి చేరాలంటే కూతురి మీదుగానే చేరాలి.

పరీక్షల రోజున మంత్రిగారు స్వయంగా విచ్చేశారు. నాయకుడనేవాడు అన్నింట్లోనూ ముందుండాలి కాబట్టి తొలి పరీక్ష తనకే చేయాలన్నారు. శబ్దం చొరబడని చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, ఆ అమ్మాయి హెడ్‌ఫోన్లు తగిలించింది.

"చప్పుడు వినపడగానే ఈ బటన్ నొక్కండి సార్."

"నొక్కడం మాకు కొత్తా అమ్మా" అన్నారు మంత్రిగారు. అధికారులందరూ హోదాల వరసలో నవ్వారు.

తలుపు మూశారు. అమ్మాయి సన్నటి చప్పుడుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ పెంచుకుంటూ పోయింది. మంత్రిగారు అద్దంలోంచి కెమెరాల వైపు చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నారు.

"ఇంకా మొదలుపెట్టలేదా?" అని శాఖ డైరెక్టరుగారు గుసగుసగా అడిగారు.

"ఎప్పుడో మొదలైంది సార్."

చివరికి ఒకచోట మంత్రిగారు ఉలిక్కిపడి బటన్ నొక్కారు. చప్పట్లు మోగాయి. బయటికి వస్తూనే ఎంతొచ్చిందని అడిగారు.

"అరవై అయిదు డెసిబెల్స్ సార్."

"ఫస్ట్ క్లాసన్నమాట."

"ఇందులో తక్కువొస్తేనే మంచిది సార్. ఇరవై అయిదు దాటకూడదు" అంది ఆ అమ్మాయి. పాపం, ఉద్యోగానికి కొత్త.

ముప్పై ఏళ్ళుగా లౌడ్‌స్పీకర్ల కింద దేశసేవ చేసిన చెవులవి. కంప్యూటరుకు ఆ గౌరవం తెలియదు గనక, 'వినికిడి లోపం' అని ముద్ర కొట్టి అప్పటికే హెడ్డాఫీసుకు పంపేసింది.

ఇలాంటి ఘడియల్లోనే మహానుభావులు బయటపడతారు. డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"మంత్రిగారిది లోపమని ఎవరన్నారు?"

"కంప్యూటరు సార్."

"అది ఎన్నికల్లో గెలిచిందా?"

"లేదు సార్."

"ఆయన నాలుగుసార్లు గెలిచారు. కాబట్టి మారాల్సింది అంకె."

భోజనాల వేళకల్లా సర్క్యులర్ తయారైంది. ఇరవై అయిదనేది పనీపాటా లేని పండితులు నిశ్శబ్దంలో కూర్చుని పెట్టుకున్న అంకె అనీ, జనం మధ్య నలిగిన చెవే అసలైన చెవి అనీ, ఇకపై అరవై అయిదుకు అటు ఇరవై, ఇటు ఇరవై నార్మల్ అనీ అందులో ఉంది. అటు దాటినా ఇటు తగ్గినా తేడా కిందే లెక్క. మంత్రిగారు సంతకం పెడుతూ, విజ్ఞానశాస్త్రం ప్రజల్లోకి రావాలని తాను ముందునుంచీ అంటున్నానన్నారు.

మధ్యాహ్నం ఆఁగారి వంతు వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాడు. బయటికొచ్చాక ఆ అమ్మాయి కాగితం చూపించి, గట్టిగా చెప్పింది.

"యాభై బాబాయ్. సన్నటి శబ్దాలు బాగా దెబ్బతిన్నాయి. పొద్దునే వచ్చుంటే ఇవాళే నిన్ను ప్యాకింగుకు పంపేదాన్ని."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు నువ్వు నార్మల్."

ఆఁగారు ఆ కాగితం పట్టుకుని డైరెక్టరుగారి దగ్గరికి పరుగెత్తాడు. చెవిలో రొద అన్నాడు. మా ఆవిడ మాట కూడా వినపడటం లేదన్నాడు.

"మంత్రిగారికన్నా నీకు బాగా వినపడుతోందా, లేదా?" అన్నారు డైరెక్టరుగారు.

"వినపడుతోందండీ."

"మరింకేం కావాలి? ఆయన అంత చెవితో శాఖనే నడుపుతున్నారు. నువ్వు ఒక్క ప్రెస్సు నడపలేవూ?"

సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. ప్రెస్ షాపులో నూటికి నూరుమందీ నార్మల్. లోపాలన్నీ ప్యాకింగ్ సెక్షనులోనే బయటపడ్డాయి. పాతికమందిలో ఒక్కరైనా నలభై అయిదు అందుకోలేదు. ఆ జబ్బుకు డైరెక్టరుగారే 'అతిశ్రవణం' అని నామకరణం చేశారు. తేడా ఉన్నవాళ్ళను వేరే పనికి మార్చాలని పథకంలో ఉండనే ఉంది. కనుక పాతికమందినీ ప్రెస్ షాపుకు మార్చారు. పరీక్ష చేసిన అమ్మాయికి సున్నా వచ్చింది. ముదిరిన కేసని ఆమెను పెద్ద ప్రెస్సు దగ్గర వేశారు.

కూతురు తన పక్క మిషను ముందుకొచ్చి నిలబడగానే ఆఁగారు నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

"మా అమ్మాయికి బాగానే వినపడుతుందండీ."

"అదేనయ్యా జబ్బు. ఈ వయసులో అయిదు డెసిబెల్సేమిటి? మొదట్లోనే పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. ప్రెస్సు మోతే దీనికి చికిత్స."

"దాని బదులు ఆ చికిత్సేదో నాకు చేయండి. దాన్ని ప్యాకింగులో ఉండనివ్వండి."

"నీకు చికిత్సెందుకు? నిక్షేపంలా ఉన్నావు" అని మేనేజరుగారు ఆయన భుజం తట్టారు.

చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కొనాలన్న పాత ఫైలును, చికిత్సకు అడ్డమని మూసేశారు. కూతురు దూది పెట్టుకుంటే సూపర్‌వైజరు తీయించాడు. మందు ఉమ్మేస్తే రోగమెలా తగ్గుతుందని కోప్పడ్డాడు కూడా.

ఏడాది తిరిగేసరికి ఆ పిల్లకు నలభై ఆరు వచ్చింది. 'సంపూర్ణ స్వస్థత' అని సర్టిఫికెట్ ఇచ్చి, మంత్రిగారితో ఫోటో తీయించారు. నయమైనవాళ్ళను కదిలిస్తే జబ్బు తిరగబెడుతుందని ప్రెస్సు దగ్గరే ఉంచేశారు. ఆ రాత్రి భార్య వంటింట్లోంచి అన్నానికి పిలిచింది. ఇద్దరూ కదల్లేదు. మళ్ళీ పిలిచింది. చివరికి ఆవిడే వచ్చి ఇద్దరి భుజాలూ తట్టాల్సి వచ్చింది. పిల్ల "ఆఁ?" అని తలెత్తింది. ఆఁగారికి అది వినపడలేదు గానీ, పెదాలు కదిలిన తీరు తెలిసింది. ఆ పూట అన్నం సహించక లేచిపోయాడు.

ఇంతటి విజయాన్ని ఫ్యాక్టరీ గోడల మధ్యే ఉంచడం అన్యాయమని మంత్రిగారు భావించారు. పథకాన్ని కార్మికుల కుటుంబాలకూ వర్తింపజేశారు. అతిశ్రవణం ఉన్న ఇల్లాళ్ళకు ప్రెస్ షాపులో మూడు నెలల ఉచిత చికిత్స. ఆదివారం పొద్దున ఒక అధికారి ఫారాలు పట్టుకుని ఆఁగారింటికి వచ్చాడు. వీధంతా తిరిగొచ్చిన మనిషి గనక, గట్టిగానే అడిగాడు.

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మా ఆవిడండీ."

"ఆవిడకు ఎలా వినపడుతుంది?"

ఆఁగారు పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడి ఎరగడు.

"బొత్తిగా వినపడదండీ" అన్నాడు.

అధికారి ఉత్త మాట నమ్మేరకం కాదు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, పొయ్యి ముందు ఇటు వీపు పెట్టి నిలబడ్డ ఆవిడను "అమ్మా" అని మెల్లగా పిలిచాడు. మరోసారి పిలిచాడు. గుమ్మం పక్కనున్న గిన్నె మూత తీసి నేల మీద పడేశాడు.

ఆవిడ కూర కలుపుతూనే ఉంది.

"అదృష్టవంతులండీ, ఇల్లంతా ఆరోగ్యమే" అని అధికారి ఫారంలో నార్మల్ అని రాసుకుని పక్కింటికి వెళ్ళాడు.