మార్పిడికి చోటు

ఆ ఉదయం కలేసిత వేసుకున్న పథకం చిన్నదే. వార్తలు చదివి, పాటలు పెట్టేసి, ఛైర్మన్ లిసియాతే గారికి చూపించాల్సిన శ్రోతల లెక్కల పటాలు పూర్తిచేయడం. దీవి మీది నేయాఫు ఊరి రేడియో కేంద్రానికి అనౌన్సరూ, మేనేజరూ, ఊడ్చే మనిషీ అన్నీ ఆవిడే. "ఈ రోజుల్లో రేడియో వినేదెవరు?" అంటూ కేంద్రం మూసేయడానికి ఛైర్మన్ రాజధాని నుంచి పడవలో దిగుతున్నాడు. వింటున్నారని రుజువు చూపించాలి.

రుజువులన్నీ ఉన్నది ఒకే ఒక ముసలి కంప్యూటర్లో. పాటలు, వాతావరణం, ఉత్తరాలు, చర్చి బృందాల రికార్డింగులు, మూయకుండా వదిలేసిన నానా పేజీలు కూడా అందులోనే. ఆవిడ ఇంకో పటం తెరవగానే పాట రాగం మధ్యలో ఆగిపోయింది. తెర బిగుసుకుపోయింది.

కలేసిత మైకు తెరిచి, "ఒక్క నిమిషం ఆగండి" అని శ్రోతలకు చెప్పి, మొగుడికి ఫోన్ కొట్టింది. సేమిసి హైస్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. కంగారులో మైకు కట్టేయడం మరిచిపోయింది.

"ఏవండీ, కొంప మునిగింది. అసలు కదలడం లేదు!"

"ఎన్ని తెరిచావే మహాతల్లీ? మెమరీ అంటే వంటగట్టు. గట్టు నిండితే కొన్ని గిన్నెలు పక్కగదిలో పెట్టి, కావాల్సినప్పుడు మార్చుకుంటుంది. స్వాప్ అంటే అదే. నీ డిస్కు కూడా నిండిపోయింది. ఇంక మార్పిడి ఎక్కడ చేస్తుంది, నీ నెత్తిమీదా?"

"అంటే, మార్పిడికి చోటు చెయ్యాలి."

"అదీ. అన్నీ మూసేసి, పాతవి వేరే డ్రైవులోకి తోలెయ్."

"అక్కర్లేనివన్నీ బయటికి తెచ్చెయ్యాలి. పదింటికి ఛైర్మన్ గారొస్తారు, ఈలోపే అయిపోవాలి!"

సేమిసి మాటలు ఫోన్లోనే ఉండిపోయాయి. దీవి మొత్తానికి వినిపించింది కలేసిత గొంతు ఒక్కటే.

ఆవిడ తెర మీద ఒక్కో కిటికీ మూస్తూ పోయింది. ఇంకా సేవ్ చెయ్యని పటాలు కూడా వాటితోపాటే పోయాయి. బయటికి చూస్తే ఆవరణ నిండా జనం. చాపలు, కందగడ్డలు, పడవ ఇంజను, తాళ్లతో కట్టిన పందిపిల్లలు. గేటు దగ్గర లోసాలినే ముసలమ్మ కుట్టు మిషనిచ్చి రెండు చాపలు అడుగుతోంది. ఒక జాలరి ఏకంగా బావమరిదినే తెచ్చాడు.

"ఇతనెందుకయ్యా?" అంది కలేసిత.

"మార్పిడికి అక్కర్లేనివన్నీ తెమ్మన్నావు కదక్కా!"

"నేనెప్పుడన్నాను?"

"ఇందాకే, రేడియోలో!" ఆవరణ మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

కలేసిత గిరుక్కున వెనక్కి తిరిగింది. మైకు మీద ఎర్రదీపం నిమ్మళంగా వెలుగుతోంది. ఉద్యోగం పోయినట్టే అనుకుంది. అప్పుడే ఛైర్మన్ కారు గేటు బయట ఆగింది. పందులు దారివ్వలేదు. ఆయన దిగి, బూట్లు చేత్తో పట్టుకుని, చాపల మీదుగా లోపలికొచ్చాడు.

"ఏమిటీ సంత? వీళ్లందర్నీ ఎవరు పోగేశారు?"

తప్పు ఒప్పుకోవడానికి నోరు తెరిచిన కలేసితకు ఆ ప్రశ్నలోనే జవాబు దొరికింది. గబగబా మైకు ముందు కూర్చుంది.

"నేయాఫు రేడియో. ఈ మాట వింటున్నవాళ్లు చేతులెత్తండి!"

ఆవరణలో జనం వెంట తెచ్చుకున్న పది రేడియోలు ఒకేసారి ఆ మాట పలికాయి. చేతులన్నీ లేచాయి. చాప మోస్తున్న ఇద్దరూ ఎత్తేసరికి చాప కిందపడింది. చేతులు ఖాళీలేని లోసాలినే మోచెయ్యి ఎత్తింది. గోడ అవతల కొబ్బరిచెట్టెక్కిన మనిషి కూడా ఒక చెయ్యి వదిలి ఊపాడు.

"చూశారా అయ్యా, వినేదెవరో!" అంది కలేసిత, తల ఎత్తి.

లిసియాతే చేతిలోని బూట్లు చాప మీద పెట్టాడు. సంచీలోంచి మూసివేత ఉత్తర్వు తీసి, నాలుగు ముక్కలు చేశాడు. "ప్రతి నెలా పెట్టమ్మా ఈ సంత," అన్నాడు. ఆవరణ ఈలలతో అదిరిపోయింది. కలేసిత ఆగిపోయిన పాటను మొదటినుంచి పెట్టి, గొంతు కలిపి పాడింది. ఈసారి మైకు కావాలనే తెరిచి ఉంచింది.

సాయంత్రం తిరుగు పడవలో ఛైర్మన్ గారికి బూట్లు లేవు, వాటికి మారుగా వచ్చిన పందిపిల్లకు మాత్రం టికెట్టు ఉంది.