నరహరి నెమలిపాగా సంగ్రామము

చెవులొగ్గి వినుడు, చేతిలోని ఫోనులు కాసేపు బోర్లించుడు! తెలంగాణ రాష్ట్రము పదియేండ్ల ప్రాయము దాటిన గ్రీష్మమున, మార్తాండుడు నల్లగొండ గుట్టలను పెనము వలె కాల్చుచున్న యొక యాదివారమున, కేతేపల్లి గ్రామమందు, మగ్గపుగుంట సింహాసనాధీశ్వరుడు, నలుబదియేండ్ల నరహరి గావించిన ఘోరసంగ్రామమును చెప్పెద. ఇందు రక్తపాతము లేదు. చార్జింగు మాత్రము చాలా ఖర్చైనది.

యుద్ధకారణం బెట్టిదనిన, ఆన్‌లైను రణరంగమున నూర్గురు దిగి, కడకు మిగిలినవాడే గెలుచు నొక ఆట కలదు. మూడేండ్ల క్రితము ఆటవారు విజేతకు ఎర్రని నెమలిపాగాను బహూకరించిరి, వారము తిరుగగానే ఆ బహుమతిని శాశ్వతముగా మూసివేసిరి. ఆటలోని బొమ్మ తలకెక్కు ఆ పాగా తూటాను ఆపదు, బలమును పెంచదు. చూడముచ్చటగా నుండును, అంతే. చివరినాడు ఆడుదములే యని యూరకున్న నరహరి, ఆ చివరినాడు మగ్గముపై పాత పడుగునకు కొత్త పడుగును పోగుపోగున అతుకుచు కూర్చుండెను. అతుకుట మొదలుపెట్టినవాడు కడపోగు వరకు లేవరాదని ఆ యింటి కట్టడి. అతడు లేచునప్పటికి పాగా లేదు.

కట్టంగూరులో ఫోన్లు బాగుచేయు జుల్ఫికర్ మాత్రము దానిని గెలిచి, నాటినుండి ప్రతి ఆటయందును నరహరి చుట్టు గంతులు వేయుచు, "అన్నా, గిసొంటిది మళ్ళ రాదే! సచ్చేదాంక సూస్కుంట కూసో" అని ఎకసెక్కమాడుచుండెను. నరహరి పైకి నవ్వెను, లోన ఉడికిపోయెను. నవ్వువారు నవ్వుడు, నాకైతే పాపమనిపించినది.

అట్టి తరుణమున ఆటవారు, మూసిన పాగాను ఒక్క ఆదివారము మరల తెరచుచున్నామనియు, ఈసారి ప్రతి ఆటయందును కడకు మిగిలిన పదిమందికిని ఇత్తుమనియు ప్రకటించిరి. జుల్ఫికరుడు ఫోనులో భగ్గుమనెను.

"గిదేం ఇన్సాఫ్ అన్నా, గిదేం న్యాయం? గప్పుడు రెక్కలు ముక్కలు జేస్కొని గెల్సిన మా ఇజ్జత్ ఏం గావాలె? అందరికి పంచితె గది పాగైతదా?"

దానికి నరహరి మేఘగంభీరస్వనమున పలికెను: "నీ నెత్తిమీదిది ఎవ్వడు గుంజుకుంటలేడు తమ్మీ. నాకు గూడ నెత్తున్నది. ఇయ్యాల మగ్గం దిగిన, ఫోన్ వట్టిన. కాస్కో!"

అంతట తూటాలు కురిసినవి, మేడలు కూలినవి, మహారథులు మంచాలపై నుండియే మడిసిరి. కడకు పదునొక్కండ్రు మిగిలిరి. ఇంకొక్కడు కూలిన పాగా తనదే! సరిగా అప్పుడే, అయ్యో, నరహరి బొటనవ్రేలికి చెమట పట్టి తెర మొండికేసినది. ఎదుట శత్రువు తుపాకి యెత్తెను. పోగు జారినపుడు వ్రేలిని బూడిదలో అద్దుట ఇరువదియేండ్ల అలవాటు గాన, చేయి తనంతట తానే మగ్గము ప్రక్కనున్న బూడిద కొబ్బరిచిప్పలోనికి పోయి అద్దుకొని వచ్చెను.

"ఏమయ్యో, ఫోన్‌కు బూడిద వూస్తున్నవేంది? పోగనుకున్నవా?" అని ధర్మపత్ని ఉష నెత్తి కొట్టుకొనెను.

పొరపాటే బ్రహ్మాస్త్రమైనది. చెమట యింకిన వ్రేలు తెరపై సర్రున జారెను, తుపాకి పేలెను, శత్రువు కూలెను. నెమలిపాగా నరహరి శిరస్సు నలంకరించెను. అతని కన్నులు చెమర్చినవి, దాచనేల!

పాగా ధరించి మరుసటి ఆటకు దిగి చూచునుగదా, నూర్గురిలో తొంబదితొమ్మిదిమందికి అదే పాగా! ఒక్క జుల్ఫికర్ మాత్రము అలిగి తన పాగాను తీసివేసెను.

"గీ మందిల నువ్వేడున్నవయ్యా?" అని ఉష అడిగెను. నరహరి వెదకెను. తనకును తెలియలేదు.

అంతలో చెవిలోని ఇయర్‌ఫోనున జుల్ఫికర్ గొంతు మెత్తగా వినవచ్చెను: "పేరు జూసి గుర్తువట్టిన అన్నా. ఒట్టు, అందర్ల నీకే మంచిగున్నది."

మూడేండ్ల మంట చల్లారెను. ఆ మాటకు పొంగిపోయి, తుపాకి దింపి, తన్ను తాను నలువైపుల త్రిప్పి చూచుకొనుచున్న నరహరిని జుల్ఫికరుడు ఒక్క తూటాతో పడగొట్టెను.

నూర్గురిలో మొట్టమొదట చచ్చినవాడు నరహరియే. అయిననేమి? వీరుడు నేల కొరిగెను గాని, జనులారా, పాగా ఊడలేదు!