అమ్మోరికి హెడ్‌లైటు కళ్ళు

గిరిబాబు ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి షెడ్డుకు వెళ్ళి ఫియట్ కారును ఆఖరిసారి గుడ్డ పెట్టి తుడవాలి. ఎనిమిదింటికి ఇంటికొచ్చి, దేవుడి గూట్లో దాచిన హెడ్‌లైటు రింగులు పట్టుకెళ్ళి బిగించాలి. పదింటికి విశాఖపట్నం నుంచి నరసింగరావు వస్తాడు, తన కారు చూసుకుంటాడు, మర్నాటి పాతకార్ల ప్రదర్శనకు తోలుకుపోతాడు. అంతే.

ఎచ్చెర్ల దాటాక హైవే పక్కనున్న రేకుల షెడ్డు గిరిబాబుది. ఆరో తరగతిలో బడి మానేసి, ముప్పై ఏళ్ళుగా బస్సుల సొట్టలు తీస్తున్నాడు. సొట్ట పెట్టినవాడి పేరు లోకానికి గుర్తుంటుంది గానీ తీసినవాడి పేరు ఎవడికీ గుర్తుండదు. అలాంటివాడికి నరసింగరావు రెండేళ్ళ కిందట తన తండ్రి తిరిగిన ఫియట్‌ను అప్పగించాడు. "ఇది నెగ్గిందంటే మా స్నేహితులవి ఇంకో నాలుగు కార్లు నీ షెడ్డుకే వస్తాయి. ఒక్క ముక్క డూప్లికేటు కనబడిందా, మళ్ళీ నా మొహం చూడకు" అన్నాడు.

బంపరు, తలుపుల మీది మెరుపు పట్టీలు, హారను బటను, అన్నీ పాత టాక్సీల శవాల నుంచి గిరిబాబే ఏరుకొచ్చాడు. హెడ్‌లైటు రింగులు మాత్రం నరసింగరావు ఢిల్లీ నుంచి తెప్పించాడు, అసలైనవే అని కాగితంతో సహా. అవి ఎన్నిసార్లు పెట్టినా సరిగ్గా కూర్చోలేదు.

"వదులుగా ఉన్నాయండీ" అన్నాడు గిరిబాబు.

"కాగితం ఉందయ్యా. వదులు నీ చేతిలో ఉంది" అన్నాడు నరసింగరావు.

చదువుకున్నవాడి కాగితం ముందు చదువుకోనివాడి వేళ్ళు చెప్పే సాక్ష్యం ఎక్కడ చెల్లుతుంది? లోపల రబ్బరు ముక్క పెట్టి బిగిద్దామని గిరిబాబు రింగులను ఇంటికి తెచ్చాడు. వాటికి మెరుగు పెట్టి, కొత్త పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టాడు. ఇంట్లో ఎవరి చెయ్యీ పడని చోటు అదొక్కటే అని అతని నమ్మకం.

ఎనిమిదింటికి వచ్చి చూస్తే గూడు ఖాళీ.

"అత్తా! గూట్లో గుడ్డ మూట ఏదీ?"

అమ్మోరి పండగకని వచ్చిన అత్తగారు లక్ష్మణమ్మ మొహం వెలిగిపోతోంది. "ఇచ్చీసినాను బాబూ! ఆరింటికే, నువ్వలా ఎల్లగానే ఘటం ఒచ్చినాది. ముర్రాట పసుపునీళ్ళు పోసి, గున్నమ్మ సేతిలో ఎట్టీసినాను."

"ఎందుకిచ్చినావు?"

"ఎందుకేటి? నీ కంట్లో నిప్పురవ్వ పడినప్పుడు అమ్మోరికి కళ్ళు సేయించి ఇస్తానని మొక్కినాను కదా. నీతో సెప్తే సరే అన్నావు. పసుపు గుడ్డలో సుట్టి దేవుడికాడ ఎడితే నాకు తెల్దా? ఎండివి సిన్నవి సేయిస్తావనుకున్నాను, ఇంతింత సేయించినావు! నువ్వు బంగారవఁ బాబూ!"

గిరిబాబు లుంగీ ఎగ్గట్టుకుని గుడివైపు పరిగెత్తాడు.

అక్కడ డప్పులు మోగుతున్నాయి. రింగులు రెండూ అమ్మవారి రాతిమూర్తికి దారంతో కట్టి ఉన్నాయి. మూర్తి జానెడు, ఒక్కో రింగూ జానెడు. అమ్మవారు ఎవరిదో పెద్ద కళ్ళద్దాలు పెట్టుకుని ఊరిని పరీక్షగా చూస్తున్నట్టుంది. అసలు ఆపద అది కాదు. బళ్ళు బాగుచేసే గిరిబాబే లైటు రింగులిచ్చాడంటే అందులో ఏదో మర్మం ఉంటుందని ఆటోస్టాండు మొత్తం కదిలింది. రింగులిస్తే యాక్సిడెంటు కాదని ఒకడన్నాడు, పోలీసులు బండి ఆపరని ఇంకొకడన్నాడు. రెండోమాట తొందరగా పాకింది. ఎవడి ఆటో రింగులు వాడు ఊడదీసుకుని వరసలో నిలబడ్డాడు. గుడి గట్టు మీద అప్పటికే పసుపూ కుంకుమా పూసిన రింగులు ఒక గుట్ట.

"గున్నమ్మత్తా, అయి కారు సామానే. పొరపాటున ఇచ్చీసింది మా అత్త. నాకిచ్చీ" అని బతిమాలాడు గిరిబాబు.

ఘటం ఎత్తే గున్నమ్మ నడుం మీద చెయ్యి పెట్టింది. "సిగ్గు లేదేటిరా? అమ్మోరికి కళ్ళిచ్చి మళ్ళా పీక్కుంటావా? నీ కన్ను బాగయిపోనాదని ధైర్నమా?"

"ఊరికి అరిష్టం మావా!" అన్నారు ఆటోవాళ్ళు. వాళ్ళ రింగులు వాళ్ళూ ఇచ్చేశారాయె.

బతిమాలడంలోనే పదయింది, నరసింగరావు దిగాడు. షెడ్డులో కళ్ళు లేని ఫియట్‌ను చూసి, దారి అడుక్కుంటూ వచ్చాడు. సంగతి విని చెమటలు తుడుచుకున్నాడు.

"ఢిల్లీ నుంచి తెప్పించానయ్యా! కాగితం ఉంది! నీ చేతిలో పెట్టడం నాది బుద్ధితక్కువ. నాలుగు కార్లు కాదు, నాలుగు చక్రాలు కూడా ఇక నీ గుమ్మం తొక్కవు!"

గిరిబాబు తల దించుకున్నాడు. రెండేళ్ళ చాకిరీ ఆ గట్టు మీద పసుపు పూసుకుని కూర్చుంది. మళ్ళీ బస్సుల సొట్టలే అనుకున్నాడు.

అంతలో జనాన్ని తప్పించుకుంటూ ఒక ముసలాయన వచ్చి గున్నమ్మ ముందు గోనెసంచి విప్పాడు. ఒకప్పుడు కారు డ్రైవరుగా చేసిన కొండబాబు. సంచిలో రెండు రింగులు.

"అమ్మోరు రింగులు అడుగుతన్నాదంట. ఇయ్యి నలబయ్యేళ్ళుగా మా అటక మీద ఉన్నాయి. కారుకి గీత పడిందని మా దొర నలుగుర్లో సెంప మీద కొట్నాడు. పని మానీసి, పోతా పోతా ఆ కారు కళ్ళు పీకీసినాను. అమ్మోరికి ఇచ్చీస్తే పాపం పోతాదని..."

గిరిబాబు చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళింది. బరువు చూశాడు. వేలితో అంచు తడిమాడు. తిరగేశాడు. లోపలివైపు, ఇత్తడి బిందె మీద కొట్టించినట్టు, చుక్కలు చుక్కలుగా ఒక పేరు ఉంది. నరసింగరావు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. అది అతని తండ్రి పేరు. ఇంట్లో గరిటెల నుంచి గొడుగు పిడిదాకా దేనిమీదైనా పేరు కొట్టించే మనిషి ఆయన.

నరసింగరావు ఆ చుక్కల మీద బొటనవేలు రాశాడు. తర్వాత కొండబాబును చూసి, "మా నాన్న చెయ్యి నా చెంపకూ తెలుసులే" అన్నాడు.

"ఇయ్యీ కట్టీమంటావా అమ్మోరికి?" అని గున్నమ్మను అడిగాడు కొండబాబు.

గున్నమ్మ ఇంతెత్తు లేచింది. "దొంగసొత్తా? అమ్మోరు ముట్టదు! తీసీండి ఇక్కణ్ణించి! ఆ లక్ష్మణమ్మ ఇచ్చినయ్యే ధర్మంగా ఇచ్చినయ్యి, అయ్యే ఉంటాయి."

షెడ్డులో గిరిబాబు ఆ రింగులు పెట్టి అరచేత్తో ఒక్క తట్టు తట్టాడు. టక్కున కూర్చున్నాయి. రబ్బరు ముక్క జేబులోనే ఉండిపోయింది. నరసింగరావు వంగి వాటిని పట్టి లాగి చూశాడు. కదల్లేదు. గిరిబాబు గుడ్డ తీసి రింగుల మీది వేలిముద్రలు తుడిచాడు.

"ఆ నాలుగు కార్లవాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేస్తాను" అన్నాడు నరసింగరావు నేల చూస్తూ. "మరి ఈ ఢిల్లీ కాగితం?"

"అదీ అమ్మోరికి ఇచ్చీండి బాబూ, కళ్ళతో పాటు ఉంటాది" అంది వెనకే షెడ్డుకొచ్చిన లక్ష్మణమ్మ.

మర్నాడు ప్రదర్శనలో ఫియట్‌కు రెండో బహుమతి వచ్చింది. రింగుల లోపల పేరు కొట్టడం కంపెనీ పద్ధతి కాదని మొదటిది ఇవ్వలేదు.