గ్లాసులో ఉన్నది టీ

ఆ శనివారం పొద్దున రిచర్డ్ చేతిలో ఉన్న ఆస్తి ఇది: రాంగోపాల్‌పేట్‌లో పెళ్లి గౌన్లు, సూట్లు అద్దెకిచ్చే దుకాణం, బోయిగూడలో మేడమీద ఇల్లు, చర్చిలో మచ్చలేని పేరు. మొదటి రెండూ తండ్రి ఇచ్చి పోయినవి. మూడోది తాను సొంతంగా కూడబెట్టుకున్నది. దాన్ని మర్నాడు బయటికి తీసి వాడాలనుకుంటున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీకి ఎన్నిక ఉంది. కిందటిసారి నిలబడి ఓడిపోయాడు. తర్వాత కనిపించిన వాళ్లనల్లా అడిగితే, "అయ్యో, మీరు కూడా నిలబడ్డారా బ్రదర్?" అన్నారు. సరుకు మంచిదే, జనానికి తెలియలేదు, అంతే అని అప్పుడే తేల్చుకున్నాడు.

అందుకే సదాశివ అనే టీవీ సీరియల్ డైరెక్టరు గౌన్లు అద్దెకు తీసుకోవడానికి వచ్చి, ఇల్లు చూసి, "క్రిస్టియన్ పెండ్లి సీను సుత ఈడనే తీస్కుంటం సార్" అన్నప్పుడు కాదనలేదు. ఎన్నిక ముందు ఇంటికి టీవీ వాళ్లు రావడం నష్టం లేని బేరంగా తోచింది. భార్య ప్రేమమణి మాత్రం ఒక షరతు పెట్టింది. ఆమె హైస్కూల్లో తెలుగు టీచరు.

"మీ టీవీల్లో మేమంటే చేతిలో సీసా, నెత్తిన టోపీ, నోట్లో 'ఏం మ్యాన్'. మా ఇంట్లో ఆ మూడూ లేవు. ఉన్నట్టు చూపిస్తానంటేనే తీసుకోండి."

"అమ్మతోడు మేడం. మీ లెక్కనే సూపిస్త."

ఆ మాట నమ్మి ప్రేమమణి షూటింగు రోజు, అంటే ఆ శనివారం పొద్దున, పెళ్లి సీనులో చుట్టాలుగా కూర్చోవడానికి స్త్రీల సమాజం వాళ్లను తీసుకొస్తానని నేరేడ్‌మెట్ వెళ్లింది. ఆ సమాజానికి పెద్ద డోరా టీచరు. రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడ తల ఊపితే చర్చిలో సగంమంది తల ఊపుతారు.

ఆమె ఎక్కిన ఆటో సందు దాటిందో లేదో సదాశివ హాలు మధ్యలో నిలబడి పెదవి విరిచాడు.

"ఏంది సార్, గిది క్రిస్టియన్ ఇల్లు లెక్క కొడ్తలేదు."

గోడకు వాక్యాల క్యాలెండరు ఉంది. బీరువా మీద బైబిళ్లున్నాయి. బల్ల మీద పిల్లల తెలుగు పరీక్ష పేపర్లున్నాయి. ఇంతకంటే క్రైస్తవంగా ఎలా ఉండాలో రిచర్డ్‌కు తోచలేదు. సదాశివ మనుషులు నిలువెత్తు కొయ్య సిలువ ఒకటి, గిటారు ఒకటి తెచ్చి పెట్టారు. గది నిండా కొవ్వొత్తులు వెలిగించారు.

"కరెంటు ఉంది కదండీ?" అన్నాడు రిచర్డ్.

"ఉంటే ఉండనీ సార్. సూసేటోళ్లకు తెల్వాలె గద."

అంతలో ఫోను మోగింది. పెళ్లికూతురి తండ్రి వేషం వేసే ఆయన వేరే షూటింగులో ఇరుక్కున్నాడు. సదాశివ చూపు రిచర్డ్ మీద నిలిచింది.

"సార్, మీరే చెయ్యిండ్రి. ఒరిజినల్ మాల్!"

రిచర్డ్ లోలోపల పొంగిపోయాడు. తన దుకాణం సూటే తాను తొడుక్కున్నాడు. అప్పుడు వచ్చాయి సీసా, టోపీ, డైలాగు కాగితం. కాగితం నిండా 'ఏం మ్యాన్'లే.

"ఇవి కుదరవు. మా ఆవిడ ఊరుకోదు."

"జెర అడ్జస్ట్ గాండ్రి సార్."

అడ్జస్ట్ అనే మాట వినగానే రిచర్డ్‌లోని వర్తకుడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. సీసా వద్దన్నాడు. గ్లాసు దగ్గర బేరం తెగింది. గ్లాసులో మందు రంగులో నల్ల టీ. టోపీ తల మీద కాకుండా ఒళ్లో. ఐదు 'మ్యాన్'లను రెండుకు దించాడు. బాగానే గెలిచాననుకున్నాడు.

కూతురు షెకీనా మాదాపూర్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. శనివారం కాబట్టి ఇంట్లోనే ఉంది. సూటు వేసుకుని, కాలు మీద కాలేసుకుని, గ్లాసు పైకెత్తి డైలాగు బట్టీ పడుతున్న తండ్రిని చూసి మురిసిపోయి ఫోనుతో ఫోటో తీసింది. 'మా డాడీ ఫుల్ ఫామ్‌లో ఉన్నారు' అని రాసి ఆర్కుట్‌లో పెట్టింది. చర్చి యూత్ అంతా ఆర్కుట్‌లోనే ఉంటారు. వాళ్ల అమ్మానాన్నలు వాళ్ల వెనక నిలబడి చూస్తుంటారు.

కాసేపటికి మొదటి ఫోను వచ్చింది.

"వందనాలు బ్రదర్. ఎప్పట్నుంచీ ఈ అలవాటు?"

"అలవాటేంటండీ? అది టీ."

"అందరూ మొదట అలాగే అంటారు బ్రదర్. మా బావమరిది కూడా అన్నాడు."

రెండో ఆయన తాగుడు మానిపించే ఆసుపత్రి అడ్రసు రాసుకోమన్నాడు. మూడో ఆవిడ ఏమీ అనకుండా ఫోనులోనే ఏడ్చింది. రిచర్డ్ కంగారుగా కూతుర్ని పిలిచాడు.

"ముందు ఆ ఫోటో తీసెయ్యమ్మా!"

తీసేసింది. దాంతో ఇంకా చెడింది.

"తీసేశారంటే నిజమేనట డాడీ," అంది షెకీనా తెర మీద చదువుతూ. "ఇంటింటా మీకోసం ప్రార్థన చేస్తున్నారు. పేరు పెట్టి."

రేపటి ఎన్నిక గ్లాసులో మునిగిపోతున్నట్టు కనిపించింది రిచర్డ్‌కు. వేషం మానేసి లేచి వెళ్దామనుకునేలోపు లైట్లు వెలిగాయి. పెళ్లికూతురు గౌను సర్దుకుని పక్కన నిలబడింది. కెమెరా తిరగడం మొదలైంది.

"ఏం మ్యాన్..." అన్నాడు రిచర్డ్ నీరసంగా.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని తెల్లచీరల దండు లోపలికి వచ్చింది. ముందు డోరా టీచరు, పక్కన కళ్లెర్రబడిన ప్రేమమణి. ఫోటో సంగతి ఫోనులో నేరేడ్‌మెట్ దాకా వెళ్లింది. వాళ్లు వచ్చింది పెళ్లికి కాదు, రిచర్డ్‌ను బాగుచేయడానికి. సదాశివకు ఆ సంగతేం తెలుసు? పెళ్లి చుట్టాలు వచ్చారనుకుని, ఆపొద్దని కెమెరా అబ్బాయికి సైగ చేశాడు.

డోరా టీచరు గ్లాసు చూసింది. చెయ్యి పైకెత్తింది.

"ప్రార్థన చేద్దాం."

ఆ మాట వినపడితే కళ్లు మూసుకోవడం, ఒక్కో వాక్యానికి 'ఆమేన్' అనడం రిచర్డ్‌కు ఊహ తెలిసినప్పటినుంచీ ఉన్న అలవాటు. గ్లాసు చేతిలోనే ఉంది. తల వంచాడు.

"ప్రభువా, తాగుడులో పడిన ఈ బిడ్డను లేవనెత్తు."

"ఆమేన్," అంది రిచర్డ్ నోరు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"పట్టపగలే మొదలుపెట్టిన ఇతని సిగ్గును తీసివెయ్యి."

"ఆమేన్."

ప్రార్థన మధ్యలో అడ్డుపడి అది టీ అని చెప్పడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగని పని. ఒక్కో 'ఆమేన్'తో ఒక్కో నేరం ఒప్పుకుంటూ పోయాడు. లైట్ల కుర్రాళ్లు కూడా సీనులో భాగమనుకుని 'ఆమేన్' అన్నారు. కట్ చెప్పాలని సదాశివ రెండుసార్లు నోరు తెరిచాడు. ప్రార్థనకు కట్ చెబితే ఏమవుతుందో తెలియక మూసుకున్నాడు. పెళ్లికూతురి కోసం, ఆమె ఎవరో తెలియకపోయినా, ప్రార్థన జరిగింది. కొవ్వొత్తులు వృథా చేస్తున్న వాళ్ల కోసం కూడా జరిగింది.

చివరి 'ఆమేన్' అయ్యాక డోరా టీచరు గ్లాసు అందుకుని వాసన చూసింది. ఒక గుక్క తాగి కూడా చూసింది.

"ఇది టీ."

"అదే మొర్రో అంటున్నాను టీచర్!"

"చక్కెర కూడా లేదు," అని ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టింది. ప్రేమమణి డైలాగు కాగితం తీసుకుని చదివింది.

"ఐదుంటే రెండుకు దించాను," అన్నాడు రిచర్డ్, కొంత మెప్పు వస్తుందేమోనని.

"ఎవరి మర్యాదండీ మీరు బేరమాడింది? మీదొక్కరిదే అయితే అమ్ముకోండి. ఇందులో నాదుంది, టీచరుగారిదుంది. రేపు నా క్లాసులో పిల్లలు నన్ను 'ఏం మ్యాన్' అంటే ఆ రెంటిలో ఏది తగ్గించమంటారు?"

ఉమ్మడి సరుకును భాగస్తులను అడగకుండా అమ్మడం ఎంత తప్పో వర్తకుడికి ఒకరు చెప్పక్కర్లేదు.

డోరా టీచరు సదాశివ వైపు తిరిగింది. "బాబూ, నువ్వు మాట్లాడే యాసను సినిమాల్లో ఎవరికి పెడతారు?"

సదాశివ తల గోక్కున్నాడు. "రౌడీలకు మేడం. లేకుంటే జోకర్లకు."

"చూస్తే నీకెలా ఉంటుంది?"

"కాల్తది మేడం."

"మరి మాకు చల్లగా ఉంటుందా?"

సదాశివ టోపీ, గిటారు తానే బయట పెట్టించాడు. కొవ్వొత్తులు ఆర్పేయమన్నాడు. తీసిన ప్రార్థనను మళ్లీ వేసి చూసుకుని, "ఇంత మంచి సీను నేను రాసిన కాయితంల లేదు," అన్నాడు. మాటలు తీసేసి పెళ్లికూతురిని దీవిస్తున్నట్టు వాడుకోవచ్చా అని అడిగాడు. డోరా టీచరు కొంచెం బెట్టుచేసి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, ఒప్పుకుంది.

ఆదివారం రిచర్డ్ చర్చిలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఫోటో చూసిన వాళ్లు వందలమంది. అది టీ అని తెలిసిన వాళ్లు ఒక్క గదిలోవాళ్లు. నష్టం ఖాయమనుకున్నాడు. చీటీలు విప్పాక పాస్టరుగారు చదివిన మొదటి పేరు అతనిదే. అందరికంటే ఎక్కువ ఓట్లు. మరి రాత్రంతా ఇంటింటా అతని పేరే తలుచుకుని మోకాళ్లూనారు. చీటీ చేతికిస్తే ఇంకో పేరు గుర్తురాలేదు.

కమిటీలో ఎవరికి ఏ పని అన్న మాట వచ్చినప్పుడు, మద్యపాన నిర్మూలన రిచర్డ్‌కే ఇవ్వాలని అంతా ఏకగ్రీవంగా అన్నారు. అనుభవం ఉన్నవాడు కావాలన్నారు.

"నేనెప్పుడూ ముట్టుకోలేదండీ!" అన్నాడు రిచర్డ్ లేచి.

"ఆ పట్టుదలే కావాలి బ్రదర్," అన్నారు పాస్టరుగారు.

ఇంటికి వచ్చి రిచర్డ్ లెక్క చూసుకున్నాడు. పోయినదేమీ కనిపించలేదు. వచ్చినవి: కమిటీలో సీటు, ఇక తనను అడగకుండా ఏదీ బేరమాడనివ్వని భార్య, పుట్టి బుద్ధెరిగి ముట్టని మందును ధైర్యంగా మానేసినందుకు ఊరందరి మెచ్చుకోలు.