ఎడమ చక్రం, కుడి మోకాలు

లోకంలో శబ్దాలు రెండు రకాలని మా కారు సర్వీస్ సెంటర్ నియమావళి చెబుతోంది. ఒకటి, కారు చేసే శబ్దం. రెండోది, కారు చేస్తోందని యజమాని అనుకునే శబ్దం. మొదటి రకం చాలా అరుదనీ, ఇంతవరకు ఒకటి రెండుసార్లే నమోదైందనీ, అప్పుడు కూడా ఆ కారు వేరే కంపెనీదని తర్వాత తేలిందనీ కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఈ సత్యం తెలియకుండానే నేను కారు కొనేశాను.

కారు కొన్నది నిరుడు. దాన్ని ప్రధానంగా వాడేది మా అత్తయ్య. అంటే నడిపేది నేనే, వాడేది ఆవిడ. ఊరికి ఆ చివరన ఒక నర్సింగ్ హోమ్‌లో ఆవిడ చెల్లెలు తుంటి విరిగి మంచంలో ఉన్నారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్క వచ్చి దగ్గర కూర్చుంటేగాని ఆవిడ ముద్ద ముట్టరు. నర్సులు బతిమాలినా, బెదిరించినా, నోరు గట్టిగా మూసుకుని తలుపు వైపు చూస్తూ ఉంటారట. అందుకని ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో పొద్దుటినుంచే హడావుడి.

మా అత్తయ్యకు కుడి మోకాలు వంగదు. వంగుతుందిగాని, ఆ సంగతి వీధివీధంతా తెలుస్తుంది. అందుకే ముందు సీట్లో కూర్చోలేరు. వెనక సీట్లో ఎడమ తలుపుకు వీపు ఆనించి, కుడికాలు సీటు పొడుగునా చాపుకుంటారు. అలా మహారాణిలా కూర్చుని, ఎదురుగా కుడి కిటికీలోంచి కనిపించే ప్రతి ఇంటి గురించీ మాకు చెబుతూ వస్తారు.

అలా ఒక ఆదివారం స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే వెనక ఏదో వినిపించింది.

"ఏదో దబ్బుమంది బాబూ," అన్నారు అత్తయ్య.

"దబ్బు కాదమ్మా, లొటలొట," అంది మా ఆవిడ.

నాకు మాత్రం టక్కుమన్నట్టు వినిపించింది. తల్లీకూతుళ్ళ మధ్య మూడో శబ్దం ఎందుకని ఊరుకున్నాను. ఆ తర్వాత ప్రతి గతుకులోనూ అదే వరస. ఒక్కో కుదుపుకు అత్తయ్య "అమ్మా" అని మోకాలు పట్టుకున్నారు. నర్సింగ్ హోమ్ చేరేసరికి ఇళ్ళ గురించి చెప్పడం కూడా మానేశారు.

ఫిర్యాదు చేయాలంటే యాప్‌లో చేయాలి. యాప్‌లో శబ్దానికి నాలుగే రకాలు పెట్టారు: కీచు, గరగర, బుస్సు, టక్కు. (ఇతరములు అని అయిదోది ఉందిగాని, అది నొక్కితే యాప్ మూసుకుపోతుంది.) దబ్బు లేదు, లొటలొట అసలే లేదు. మా ఆవిడ గరగరకు ఒప్పుకుంటానంది, అత్తయ్య ఏ రాజీకీ ఒప్పుకోలేదు. చివరికి టక్కు నమోదైంది. పెళ్ళయ్యాక ఇంట్లో నా మాట నెగ్గడం అదే మొదలు. యాప్ నెగ్గించింది కాబట్టి అది లెక్కలోకి రాదని మా ఆవిడ తేల్చింది.

సర్వీస్ సెంటర్ అద్దాల మేడ. లోపల చల్లగా ఉంటుంది, నేల మీద మన మొహం కనిపిస్తుంది, కార్లు మాత్రం కనిపించవు. టై కట్టుకున్న సలహాదారు ఒకాయన నన్ను సోఫాలో కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, "మీ అనుభూతి ఏమిటో చెప్పండి సార్," అన్నారు. శబ్దం అని నేను, అనుభూతి అని ఆయన, కాఫీ అయ్యేదాకా మాట్లాడుకున్నాం.

తర్వాత శబ్ద నిర్ధారణాధికారి వచ్చారు. పెద్దాయన, మాట తక్కువ. ఆయన చెవులను కంపెనీ ఏటా పరీక్షించి ధ్రువపత్రం ఇస్తుంది. అది ఫ్రేము కట్టించి గోడకు వేలాడదీశారు. ఆయన స్వయంగా, వరసగా మూడుసార్లు వింటేనే శబ్దం శబ్దమవుతుంది. ఆయన కారులో కూర్చుని, కళ్ళు మూసుకుని, నడపమని చెయ్యి ఊపారు. నడపాల్సిన దారి సర్వీస్ సెంటర్ వెనక వాళ్ళే వేసుకున్న సొంత రోడ్డు. దాని మీద గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని వెళ్ళినా చుక్క తొణకదు.

"ఏమీ లేదు," అన్నారాయన.

"బయట వీధిలోకి తీసుకెళ్దామండి. అక్కడ గతుకులున్నాయి."

"గతుకులు కంపెనీవి కావు. గతుకులో వచ్చిన శబ్దం గతుకుది."

నేను పట్టు విడవలేదు. మా అత్తయ్య వెనక కూర్చున్నప్పుడే వస్తుందని చెప్పాను. సలహాదారు కలం తీసి, "మీ అత్తగారి బరువెంత సార్?" అని అడిగారు. ఆ ప్రశ్న ఏ అల్లుడూ అడగకూడదు, అడిగిన అల్లుడెవడూ మళ్ళీ ఆ ఇంట్లో సుఖంగా తిని ఎరగడు. ఆ మాటే ఆయనకు చెప్పాను. ఇలాంటి కుటుంబ ఇబ్బందులు ముందే ఊహించి, కంపెనీ ఒక ప్రామాణిక ప్రయాణికుణ్ణి ఏర్పాటు చేసిందని ఆయన ధైర్యం చెప్పారు.

ప్రామాణిక ప్రయాణికుడు అంటే ఇసుక బస్తా. దాన్ని ఏసీ గదిలో ఉంచుతారు. ఇద్దరు మనుషులు జాగ్రత్తగా మోసుకొచ్చి, వెనక సీటుకు సరిగ్గా నడిమధ్యన కూర్చోబెట్టి, బెల్టు పెట్టారు. కారు నడిచింది. ఏ శబ్దమూ రాలేదు. ఇన్నేళ్ళలో ఆ బస్తా ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదని సలహాదారు మురిసిపోతూ చెప్పారు. ప్రయాణికుడంటే అలా ఉండాలన్నట్టు నా వైపు చూశారు.

ఇక గత్యంతరం లేక అత్తయ్యనే తీసుకెళ్ళాను. తన మాట తేలే రోజు వచ్చిందని ఆవిడ మంచి బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని బయల్దేరారు. సర్వీస్ సెంటర్‌లో అందరినీ పలకరించారు, నిర్ధారణాధికారి పిల్లలెందరో కనుక్కున్నారు. తర్వాత తన పద్ధతిలో ఎడమ తలుపుకు ఆనుకుని, కాలు చాపుకున్నారు. గేటు దగ్గర, కంపెనీ కళ్ళుగప్పి మిగిలిపోయిన చిన్న మిట్ట ఒకటుంది. దాని మీదికి వెనక ఎడమ చక్రం ఎక్కి దిగింది.

నిర్ధారణాధికారి కళ్ళు తెరిచారు. "విన్నాను," అన్నారు.

"దబ్బుమంది కదూ నాయనా?"

"నిబంధనల ప్రకారం టక్కుమందమ్మా."

అయినా అత్తయ్య మొహం వెలిగిపోయింది. కూతురికి ఫోన్ చేసి చెప్పమన్నారు కూడా. అయితే నిర్ధారణ అక్కడితో ఆగలేదు. కాలు మడిచి కూర్చోమన్నారు. మూలుగు బయటికి రాకుండా పెదవి బిగబట్టి ఆవిడ మడిచారు. బరువు నడిమధ్యకు జరిగింది, మళ్ళీ అదే మిట్ట ఎక్కించినా శబ్దం రాలేదు. చాపమన్నారు, వచ్చింది. మళ్ళీ మడవమన్నారు, రాలేదు. నియమం ప్రకారం మూడుసార్లు తేలాలి కదా. "ఇంకొక్కసారి మడవండమ్మా," అన్నప్పుడు ఆవిడ తలుపు పిడి పట్టుకున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇక చాలండి అన్నాను. పరీక్ష మధ్యలో యజమాని మాట్లాడకూడదని చెప్పారు.

సాయంత్రానికి నివేదిక యాప్‌లోకి వచ్చింది. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని తనే పైకి చదివారు.

"వాహనంలో శబ్దం ఉన్నది. కారణం నిర్ధారించబడినది. కారణం: కుడి మోకాలు. స్థానం: వెనక సీటు. సిఫార్సు: సదరు మోకాలిని అర్హులైన నిపుణులకు చూపించవలెను."

చదివి ఆవిడ చాలాసేపు నవ్వారు. నవ్వడం ఆపాక ఫోన్ నా చేతికిచ్చి, "నా మూలంగా మీకెంత తిప్పలు బాబూ," అన్నారు.

మర్నాడు నేను సలహాదారు మీద కాస్త గొంతు పెంచాను. ఆ ఎడమ చక్రం ఒక్కసారి విప్పి లోపల చూస్తే మీ సొమ్మేం పోతుందని అడిగాను.

"విప్పాలంటే లోపం చక్రంలో ఉండాలి సార్. మోకాలిలో ఉందని తేలిపోయిందిగా. దొరికిన లోపాన్ని మళ్ళీ వెతకడం మా పద్ధతి కాదు," అన్నారాయన, కాఫీ ఇప్పిస్తూ.

సరే, నిపుణులకు చూపించమన్నారు కదా అని ఎముకల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ మోకాలు నొక్కి, వంచి, ఎక్కడెక్కడికి వెళ్తుంటారు, ఎందులో వెళ్తుంటారు అని ఆరా తీశారు. మొత్తం విని, "నొప్పి పెరగడానికి కుదుపులే కారణం. ముందు మీ కారు వెనక షాక్ అబ్జార్బర్ మార్పించండి," అని చీటీ మీద రాసిచ్చారు. మొదటి వరసలో షాక్ అబ్జార్బర్, రెండో వరసలో పూతమందు. మందుల షాపతను చీటీ చదివి, అరలన్నీ వెతికి, మొదటిది స్టాకు లేదన్నాడు. వేరే కంపెనీది ఇవ్వనా అని కూడా అడిగాడు.

ఆ చీటీ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాను. డాక్టరమ్మకు కార్ల విషయంలో తమ కంపెనీ గుర్తింపు లేదన్నారు. మోకాళ్ళ విషయంలో మీకు ఏ గుర్తింపు ఉందని అడిగితే, అది కూడా లేదుగాని తమది కేవలం సిఫార్సు అన్నారు. మాట మీద మాట పెరిగాక నిర్ధారణాధికారి జోక్యం చేసుకుని డాక్టరమ్మకు ఫోన్ చేశారు. ఇద్దరూ ఒకరి పనిని ఒకరు మెచ్చుకుంటూ, ఎంతో మర్యాదగా చర్చించుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. మోకాలు బాగుపడితే కారు శబ్దం పోతుంది. కారు బాగుపడితే మోకాలి నొప్పి పోతుంది. కాబట్టి రెంటిలో ఏది ముందు బాగుపడితే, ఆ పక్షం వారు రెండో పక్షం వారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. అంతవరకు ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు.

ఈ ఒప్పందం అమలులోకి వచ్చాక కారును కదపడం కూడా కుదరదు కాబట్టి అత్తయ్య రెండు ఆదివారాలు ఇంట్లోనే ఉండిపోయారు. మొదటి ఆదివారం మా ఆవిడ వెళ్ళి పిన్నికి తినిపించబోయింది. పిన్నిగారు నోరు తెరవలేదు సరికదా, అక్కకు ఏమైంది, నాకు చెప్పకుండా దాస్తున్నారా అని ఏడ్చారట. రెండో ఆదివారం నర్సింగ్ హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. ఈ వారమంతా తిండి సరిగ్గా లేదని, మనిషి బాగా తగ్గిపోయారని చెప్పారు. మా ఆవిడ ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఏవండీ, వీధి చివర మెకానిక్ షెడ్డు ఉందిగా. పూట పని. ఆ ముక్కేదో మార్పించేద్దాం."

నాకూ బాధగానే ఉంది, కాదనను. కానీ భావోద్వేగాలతో తీసుకునే నిర్ణయాలు వేరు, వారంటీ వేరు. బయటివాడి స్పానర్ ఒక్క నట్టును తాకినా మొత్తం కారుకు వారంటీ రద్దవుతుంది. ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు, ఆఖరికి సీటు గుడ్డకు కూడా. ఆ పత్రం తీసి మా ఆవిడకు వేలు పెట్టి చూపించాను. ఆవిడ పత్రం వైపు చూడలేదు, నా వైపే చూసింది.

అత్తయ్య మాత్రం ఓపిగ్గా విన్నారు. "ఏం తప్పు లేదులేవే, అంత సొమ్ము పోసి కొన్న బండి," అని కూతురికే సర్దిచెప్పారు. తర్వాత నన్ను అడిగారు.

"ఇంకా ఎన్నాళ్ళుంటుంది బాబూ ఆ వారంటీ?"

"రెండేళ్ళు అత్తయ్యా."

"మా చెల్లెలితో చెబుతాలెండి, అందాకా ఓపిక పట్టమని," అన్నారావిడ మామూలుగానే. మూడో ఆదివారం పొద్దున్నే లేచి, మోకాలికి పట్టీ బిగించి కట్టుకుని, చేతికర్ర పట్టుకున్నారు. రెండు బస్సులు మారాలట. మా ఆవిడ చెప్పులేసుకుని తల్లి చెయ్యి పట్టుకుంది.

వాళ్ళిద్దరూ ఆగి ఆగి నడుస్తూ మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చూశాను. ఆ తర్వాత కారు మీద ముసుగు కప్పాను. ఎండ తగిలితే రంగుకు వారంటీ వర్తించదట.